పాలస్తీనా పిల్లల వైద్యం: టీకా అందింది, దారి అందలేదు

గాజాలో బిడ్డ పుట్టాక పేరు నమోదు చేయించడానికి, టీకాలు వేయించడానికి తల్లి దగ్గర్లోని ఐక్యరాజ్యసమితి క్లినిక్‌కు వస్తుంది. ఐదేళ్లకోసారి జరిగే సర్వే రోజుల్లో అక్కడి సిబ్బంది ఆమెను ఇంకో ప్రశ్న కూడా అడిగేవారు: ఈ బిడ్డకు ముందు పుట్టిన బిడ్డ ఇప్పుడు బతికే ఉందా? జవాబు ఒక్క ముక్కలో వస్తుంది. అలాంటి జవాబులు కొన్ని వేలు పోగైతే, పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఎంతమంది ఏడాది తిరగకుండానే పోతున్నారో అంచనా కట్టవచ్చు. ఈ సర్వేలు చేసింది పాలస్తీనా శరణార్థుల కోసం 1949లో ఏర్పడిన ఐరాస సంస్థ యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ. గాజా జనాభాలో దాదాపు 70 శాతం ఈ సంస్థ దగ్గర నమోదైన శరణార్థులే కాబట్టి ఆ లెక్క దాదాపు ఊరంతటి లెక్క.

1960లో ఆ సంఖ్య వెయ్యికి 127. 2008 నాటికి 20.2కు దిగింది. తర్వాతి సర్వే 2013లో. ఈసారి 22.4 వచ్చింది. యాభై ఏళ్లుగా తగ్గుతూ వచ్చిన గీత మొదటిసారి పైకి తిరిగింది. సంస్థ వైద్యులు నమ్మలేక 2015లో మళ్లీ సర్వే చేయించారు. అప్పుడూ 22.7 వచ్చింది. లోపలికి వెళ్లి చూస్తే అసలు కారణం మరింత స్పష్టంగా కనిపించింది. పుట్టిన నాలుగు వారాల్లోపు చనిపోయే పసికందుల రేటు 2008లో వెయ్యికి 12 ఉంటే, 2013లో 20.3కు ఎగబాకింది. నెల దాటిన పిల్లల మరణాలు మాత్రం తగ్గుతూనే ఉన్నాయి.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. పాలస్తీనా పిల్లల ఆరోగ్యం గురించి వచ్చే వార్తల్లో ఎక్కువగా యుద్ధమే కనిపిస్తుంది. 2023 అక్టోబర్ తర్వాత జరిగిన దానితో పోల్చదగినది అంతకుముందు ఏదీ లేదు, నిజమే. కానీ ఆ పిల్లలకు వైద్యం ఎక్కడ అందుతూ వచ్చింది, ఎక్కడ ఆగిపోతూ వచ్చింది అన్నది అర్థం కావాలంటే యుద్ధానికి పదేళ్ల ముందు నుంచి మొదలుపెట్టాలి. ఊళ్లోనే దొరికే వైద్యం వాళ్లకు బాగా దొరికింది. సరిహద్దు గేటు దాటి వెళ్లాల్సిన వైద్యం, గేటు దాటి రావాల్సిన సామాను మీద ఆధారపడే వైద్యం దగ్గరే ప్రాణాలు పోయాయి. యుద్ధం ఆ రెండోదాన్ని పూర్తిగా మూసేసి, మొదటిదాన్ని కూడా కూల్చేసింది.

ముందు బాగా జరిగిన దాని గురించి. 2013లో భారతదేశ శిశు మరణాల రేటు వెయ్యికి 40, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 39. దిగ్బంధంలో, నిరుద్యోగంలో, సహాయపు గోధుమపిండి మీద బతుకుతున్న గాజాలో అది మన రేటులో సగానికి కాస్త ఎక్కువ. దీని వెనక ఉన్నవి పెద్ద ఆసుపత్రులు కావు. కాన్పులన్నీ దాదాపు ఆసుపత్రుల్లోనే జరిగేవి. ఆడపిల్లల చదువు మంచి స్థాయిలో ఉండేది. ప్రతి శరణార్థి శిబిరంలోనూ నడిచి వెళ్లేంత దూరంలో క్లినిక్ ఉండేది. యుద్ధానికి ముందు గాజాలో ఇలాంటి ఐరాస ఆరోగ్య కేంద్రాలు 22, వెస్ట్ బ్యాంక్‌లో 43. బిడ్డ బరువు, ఎత్తు, వేసిన టీకాలు, తల్లి రక్తహీనత అన్నీ రాసి పెట్టుకునే తల్లీబిడ్డల పుస్తకాన్ని జపాన్ సహకారంతో 2008లో అక్కడ ప్రవేశపెట్టారు. తర్వాత అదే ఫోన్‌లో యాప్‌గానూ వచ్చింది.

టీకాల విషయంలో పాలస్తీనా చరిత్ర ఇంకా పాతది. 1970లలో గాజాలో పోలియో విరుచుకుపడింది. నోట్లో వేసే చుక్కలు ఒక్కటే అక్కడ సరిపోవడం లేదని గమనించి, 1978 నుంచి చుక్కలు, సూది మందు రెండూ కలిపి ఇచ్చే పద్ధతి మొదలుపెట్టారు. అప్పటికి ప్రపంచంలో చాలా దేశాలు ఏదో ఒకటే ఇచ్చేవి. 1988లో ఇజ్రాయెల్‌లో పోలియో మళ్లీ తలెత్తినప్పుడు పక్కనే ఉన్న గాజా, వెస్ట్ బ్యాంక్‌లకు ఆ తాకిడి దాదాపు తగలలేదు. 2022లో అక్కడ పోలియో టీకా పడిన పిల్లలు 99 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు యుద్ధానికి ముందు గాజాలో 0.8 శాతం మాత్రమే. దక్షిణాసియాలో ఏ దేశమూ ఆ దరిదాపుల్లో లేదు.

మరి నెలలోపు పసికందులు ఎందుకు ఎక్కువగా పోయారు? టీకాకు కావాల్సింది ఒక నర్సు, ఒక ఐస్ పెట్టె. ఏడో నెలలో పుట్టిన కిలోన్నర బిడ్డకు కావాల్సినవి వేరు. ఇంక్యుబేటర్ కావాలి, ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి మందు కావాలి, వెంటిలేటర్ కావాలి, రాత్రీపగలూ కరెంటు కావాలి. 2007లో గాజా పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ చేతికి వచ్చాక ఇజ్రాయెల్ భూమి, సముద్రం, ఆకాశం మూడు వైపులా దిగ్బంధం బిగించింది. దక్షిణాన రఫా గేటును ఈజిప్ట్ ఎక్కువ కాలం మూసే ఉంచింది. గాజాకు ఉన్నది ఒకే ఒక్క విద్యుత్ కేంద్రం. దానికీ ఇంధనం బయటి నుంచే రావాలి. రోజుకు పన్నెండు గంటలు, కొన్ని కాలాల్లో అంతకన్నా ఎక్కువ కరెంటు లేకుండా గడిచింది. నవజాత శిశువుల వార్డులు జనరేటర్ల మీద నడిచాయి. జనరేటర్ స్పేర్ పార్టులు, ఎక్స్‌రే యంత్రాలు, ఆక్సిజన్ ప్లాంట్ల సామాను యుద్ధానికీ పనికొస్తాయన్న కారణంతో ఇజ్రాయెల్ అనుమతి కోసం నెలల తరబడి ఆగేవి. వార్డులో డాక్టర్ ఉన్నాడు, ఏం చేయాలో తెలుసు, చేతిలో మాత్రం సామాను లేదు. 2013 నాటి అంకె చెప్పింది ఇదే.

ఇక గేటు దాటి వెళ్లాల్సిన వైద్యం. గాజాలో రేడియోథెరపీ ఎన్నడూ లేదు. పిల్లల గుండె ఆపరేషన్లు, ఎముక మజ్జ మార్పిడి, కొన్ని రకాల క్యాన్సర్ చికిత్సలు అక్కడ లేవు, ఉన్నా అరకొరగా ఉండేవి. ఇవన్నీ ఉన్నది తూర్పు జెరూసలెంలో, వెస్ట్ బ్యాంక్‌లో, ఇజ్రాయెల్‌లో. తూర్పు జెరూసలెంలోని మకాసెద్, ఆగస్టా విక్టోరియా, సెయింట్ జాన్ కంటి ఆసుపత్రి లాంటి ఆరు ఆసుపత్రులు పాలస్తీనీయులకు పెద్దాసుపత్రుల కింద లెక్క. క్యాన్సర్‌కు రేడియేషన్, పిల్లల డయాలిసిస్ ఆగస్టా విక్టోరియాలో, గుండె చికిత్స మకాసెద్‌లో. గాజా నగరం నుంచి జెరూసలెం సుమారు 80 కిలోమీటర్లు.

ఆ 80 కిలోమీటర్లు వెళ్లడానికి కాగితం ఎలా నడిచేదో చూడాలి. ముందు గాజాలోని డాక్టర్ ఇక్కడ ఈ చికిత్స లేదని రెఫరల్ ఫారం రాయాలి. ఖర్చు భరిస్తామని వెస్ట్ బ్యాంక్‌లోని రామల్లాలో ఉన్న పాలస్తీనా ఆరోగ్య శాఖ ఒప్పుకోవాలి. అవతలి ఆసుపత్రి తేదీ ఇవ్వాలి. అప్పుడు పాలస్తీనా పౌర వ్యవహారాల కార్యాలయం ద్వారా దరఖాస్తు ఇజ్రాయెల్ సైనిక పాలనా విభాగానికి వెళ్తుంది. ఇజ్రాయెల్ భద్రతా సంస్థ రోగిని, వెంట వెళ్లే మనిషిని విడివిడిగా పరిశీలిస్తుంది. అవును, కాదు అన్న జవాబులు కాకుండా మూడోది ఒకటుంది: "పరిశీలనలో ఉంది". ఆసుపత్రి ఇచ్చిన తేదీ దాటిపోయేదాకా ఆ మాటే ఉంటే, తేదీ మళ్లీ తీసుకోవాలి, దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. కీమోథెరపీ సైకిల్ మధ్యలో ఉన్న బిడ్డ విషయంలో ఆలస్యానికీ నిరాకరణకూ పెద్ద తేడా ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దరఖాస్తులను నెలనెలా లెక్క రాసింది. 2012లో పదింట తొమ్మిదికి పైగా సమయానికి మంజూరయ్యాయి. 2017లో 54 శాతమే. ఆ ఒక్క ఏడాది అనుమతి కోసం ఎదురుచూస్తూ 54 మంది చనిపోయారు. యుద్ధానికి ముందు ఏటా సుమారు 20 వేల దరఖాస్తులు వెళ్లేవి. వాటిలో దాదాపు మూడో వంతు పిల్లలవి.

వెంట వెళ్లే మనిషి సంగతి విడిగా చెప్పుకోవాలి. బిడ్డకు అనుమతి వచ్చి, తల్లికో తండ్రికో రాకపోవడం మామూలైపోయింది. తల్లిదండ్రులు వయసులో ఉంటారు కాబట్టి వాళ్ల భద్రతా పరిశీలన ఎక్కువ కాలం పట్టేది. దాంతో అమ్మమ్మ, నానమ్మ, ఒక్కోసారి దూరపు బంధువు బిడ్డతో వెళ్లేవారు. ఇంక్యుబేటర్‌లో నెల రోజులు ఉండాల్సిన బిడ్డకు తల్లి పాలు లేవు. క్యాన్సర్ పిల్లవాడికి జుట్టు ఊడిపోతున్నప్పుడు అమ్మ పక్కన లేదు. పరాయి ఊళ్లో చిన్న బిడ్డ ఒక్కతే చనిపోయిన సందర్భాలూ ఉన్నాయి. భద్రత పేరుతో పెట్టే నిబంధనల్లో ఇంతకంటే సమర్థించలేనిది ఇంకొకటి కనిపించదు.

ఇజ్రాయెల్ వాదన కూడా ఉంది. రోగుల పర్మిట్లను సాయుధ సంస్థలు వాడుకోవడానికి ప్రయత్నించాయని, గాజాను పాలిస్తున్నది తమ పౌరుల మీద రాకెట్లు వేసే సంస్థ అని, అయినా ఏటా వేల మందిని లోపలికి రానిస్తున్నామని ఆ దేశం చెబుతూ వచ్చింది. ఇందులో కొంత నిజముంది. టెల్ అవీవ్ పక్కన హోలోన్‌లోని వోల్ఫ్‌సన్ ఆసుపత్రిలో 1995 నుంచి నడుస్తున్న ఒక సంస్థ పేద దేశాల పిల్లలకు ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తుంది. వాళ్లలో దాదాపు సగం మంది పాలస్తీనా పిల్లలే. వాళ్ల కోసం వారానికి ఒక రోజు ప్రత్యేకంగా క్లినిక్ పెట్టారు. సరిహద్దు గేటు దగ్గర రోగిని ఎక్కించుకుని సొంత కారులో ఆసుపత్రికి దింపే ఇజ్రాయెలీ స్వచ్ఛంద కార్యకర్తలు వందల మంది ఉన్నారు. శాంతి ఉద్యమకారిణి వివియన్ సిల్వర్ వాళ్లలో ఒకరు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో బేరీ గ్రామంలో ఆమె ఇంట్లోనే హతమైంది. ఆ రోజు ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మంది బందీలయ్యారు, వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు. రోగులను తీసుకెళ్లే దారి కూడా ఆ రోజే మూసుకుపోయింది. ఒకటి మాత్రం గమనించాలి. కొందరు మంచి మనుషుల దయ మీద, రోజువారీ అనుమతి మీద నడిచే వైద్యాన్ని హక్కు అనలేం. ఎవరికి ఎప్పుడు కోపం వస్తే అప్పుడు అది ఆగిపోతుంది.

వెస్ట్ బ్యాంక్‌లో పరిస్థితి వేరు, ఇబ్బంది మాత్రం ఆ తరహాదే. అక్కడ పిల్లలకు మంచి ఆసుపత్రులున్నాయి. బెత్లెహేములో 1952లో మొదలైన కారిటాస్ బేబీ హాస్పిటల్ పూర్తిగా పిల్లల కోసమే నడుస్తుంది. కానీ ఊరికీ ఊరికీ మధ్య చెక్‌పోస్టులు, ఎప్పుడు మూస్తారో తెలియని ఇనుప గేట్లు. జెరూసలెం వెళ్లాలంటే ఇంకో తతంగం. వెస్ట్ బ్యాంక్ నంబర్ ప్లేటున్న అంబులెన్స్ చాలా సందర్భాల్లో చెక్‌పోస్టు దాటడానికి వీల్లేదు. ఇవతల ఒక అంబులెన్స్, అవతల జెరూసలెం ప్లేటున్నది ఇంకొకటి, రెండూ వెనక తలుపులు ఎదురెదురుగా పెట్టి ఆగుతాయి. సెలైన్ బాటిల్, ఆక్సిజన్ గొట్టం, మానిటర్‌తో సహా రోగిని స్ట్రెచర్ మీద ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చాలి. సైనికుల తనిఖీ అయ్యేదాకా ఎండయినా వానయినా అక్కడే. వెంటిలేటర్ మీదున్న పసికందును ఇలా మార్చడం ఎంత టెన్షనో ఏ నర్సునడిగినా చెబుతుంది.

2025 జనవరి నుంచి జెనిన్, తుల్‌కర్మ్, నూర్ షమ్స్ శిబిరాల్లో ఇజ్రాయెల్ సైనిక చర్యతో సుమారు 40 వేల మంది ఇళ్లు వదిలిపోయారు. ఆ శిబిరాల క్లినిక్‌లు మూతపడ్డాయి. పాలస్తీనా ప్రభుత్వానికి రావాల్సిన పన్నుల సొమ్మును ఇజ్రాయెల్ ఆపి ఉంచడంతో ఆరోగ్య శాఖ జీతాలు సగం సగం ఇస్తోంది, ఆసుపత్రులకు బాకీ పడుతోంది, మందులు నిండుకుంటున్నాయి. అదే జనవరి 30 నుంచి యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏను కట్టడి చేసే ఇజ్రాయెల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఆ సంస్థ ఉద్యోగులు అక్టోబర్ 7 దాడిలో పాల్గొన్నారన్నది ఇజ్రాయెల్ ఆరోపణ. ఐరాస సొంత విచారణ తర్వాత తొమ్మిది మంది ఉద్యోగాలు పోయాయి. తప్పు చేసినవాళ్లకు శిక్ష పడాల్సిందే. యుద్ధానికి ముందు గాజాలోనే ఆ సంస్థకు 13 వేల మంది దాకా ఉద్యోగులుండేవారు. నెల బిడ్డకు టీకా వేసే నర్సు కూడా వాళ్లలోనే ఉంది.

యుద్ధం మొదలయ్యాక గాజాలో ఏం జరిగిందో చెప్పడానికి ఒక్క వార్డు చాలు. 2023 నవంబర్‌లో గాజాలోకెల్లా పెద్దదైన అల్ షిఫా ఆసుపత్రిని సైన్యం చుట్టుముట్టింది. ఇంధనం అయిపోయింది. నెలలు నిండకుండా పుట్టిన 39 మంది బిడ్డలను ఇంక్యుబేటర్ల నుంచి తీసి, మంచాల మీద పక్కపక్కన పడుకోబెట్టారు. ఒంట్లో వేడి నిలవడానికి రేకు కాగితం చుట్టారు. 19వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ, పాలస్తీనా రెడ్ క్రెసెంట్ కలిసి దక్షిణాన రఫాకు తరలించేసరికి 31 మంది మిగిలారు. మర్నాడు వాళ్లలో 28 మంది ఈజిప్ట్ చేరారు. ఆసుపత్రి కింద హమాస్ స్థావరం ఉందన్నది ఇజ్రాయెల్ చెప్పిన కారణం, హమాస్ దాన్ని కాదన్నది. ఆసుపత్రిని సాయుధులు వాడుకుంటే అది నేరమే. అంతమాత్రాన మంచం మీదున్న కిలో బిడ్డకు యుద్ధ చట్టాలు ఇచ్చే రక్షణ పోదు.

అదే నెలలో అల్ నస్ర్ పిల్లల ఆసుపత్రి, అల్ రాంతిసీ ఆసుపత్రి ఖాళీ అయ్యాయి. గాజాలో పిల్లల క్యాన్సర్ విభాగమంటూ ఉన్నది రాంతిసీలోనే. విదేశీ దాతల డబ్బుతో 2019లో తెరిచారు, గేటు దాటాల్సిన అవసరం కొంతైనా తగ్గుతుందని. నాలుగేళ్లు నడిచింది. ఉత్తరాన బెయిత్ లాహియాలోని కమాల్ అద్వాన్ ఆసుపత్రి డైరెక్టర్, పిల్లల వైద్యుడు హుస్సామ్ అబూ సఫియాను 2024 డిసెంబర్ 27న సైన్యం అదుపులోకి తీసుకుంది. యుద్ధానికి ముందు గాజాలో 36 ఆసుపత్రులుండేవి. 2025 అక్టోబర్‌లో కాల్పుల విరమణ నాటికి వాటిలో 14, అవీ అరకొరగా, పనిచేస్తున్నాయి. గాజా ఆరోగ్య శాఖ లెక్కలో అప్పటికి చనిపోయినవాళ్లు 67 వేలకు పైగా. వాళ్లలో పిల్లలు సుమారు 20 వేలు.

ఆకలి సంగతికొస్తే, దాన్ని కొలిచేది ఒక రంగుల టేపు. మన అంగన్‌వాడీల్లో పిల్లల జబ్బకు చుట్టే టేపే ఇది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గితే పసుపు, 11.5కు తగ్గితే ఎరుపు. ఎరుపంటే వెంటనే చికిత్స మొదలుపెట్టాలి. వేరుశెనగ ముద్ద, పాలపొడి, నూనె, విటమిన్లు కలిపి తయారుచేసిన పొట్లాలు రోజూ తినిపిస్తే చాలామంది పిల్లలు వారాల్లోనే తేరుకుంటారు. వంట అక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు, చల్లగా ఉంచక్కర్లేదు. ఇంత తేలికైన చికిత్స ఉన్న జబ్బు ఇది. ఆ పొట్లం లోపలికి రావాలి, అంతే.

2025 మార్చి 2 నుంచి మే 19 దాకా గాజాలోకి ఏదీ రాలేదు. తిండి లేదు, మందు లేదు, ఇంధనం లేదు. ఆ తర్వాత తెరిచినా, వచ్చింది అవసరంలో చిన్న వంతే. జూలై నాటికి గాజా నగరంలో టేపు కొలతలో తీవ్ర పోషకాహార లోపం తేలిన పిల్లలు 16.5 శాతానికి చేరారు. కరువును నిర్ధారించే ఐపీసీ నిపుణుల వ్యవస్థ టేపు కొలతకు పెట్టుకున్న హద్దు 15 శాతం. ఆగస్టు 22న గాజా గవర్నరేట్‌లో (గాజా నగరం ఉన్న, జిల్లా లాంటి ప్రాంతం) కరువు ఉందని ఆ వ్యవస్థ ప్రకటించింది. కొలమానాలు సడలించారంటూ ఇజ్రాయెల్ దాన్ని తోసిపుచ్చింది. కాల్పుల విరమణ తర్వాత సరుకు రాక పెరిగింది. డిసెంబర్‌లో అదే వ్యవస్థ మళ్లీ పరిశీలించి, ఇప్పుడు కరువు స్థాయి లేదని చెప్పింది. దానికి కారణం వానలు కావు, కొత్త పంట కాదు, గేటు తెరుచుకోవడం. మన తాతల కాలంలో గంజి కేంద్రాలు పెట్టిన కరువులకూ దీనికీ ఉన్న తేడా ఇదే. ఒకటిన్నరేళ్ల బిడ్డకు మాత్రం ఆ రెండు మూడు నెలలు ఎదుగుదలలో పడిన లోటు. మెదడు చకచకా పెరిగే వయసులో తిండి లేకపోతే ఆ నష్టం తర్వాత పెట్టే తిండితో పూర్తిగా పూడదు.

దారి తెరిస్తే ఏం జరుగుతుందో చూపించింది పోలియో.

2024 జూన్‌లో ఖాన్ యూనిస్, దెయిర్ అల్ బలాలో తీసిన మురుగునీటి నమూనాల్లో రెండో రకం పోలియో వైరస్ బయటపడింది. ఇది అడవి వైరస్ కాదు, టీకా నుంచి పుట్టినది. చుక్కల మందులో బలహీనపరిచిన వైరస్ బతికే ఉంటుంది. పిల్లలందరికీ టీకా పడిన చోట అది మలంతో బయటికి వచ్చి అక్కడితో ఆగిపోతుంది. టీకా పడని పిల్లలు ఎక్కువగా ఉన్న చోట ఒకరి నుంచి ఒకరికి పాకుతూ, మారుతూ, మళ్లీ కాళ్లు పడగొట్టే శక్తి తెచ్చుకుంటుంది. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం నమూనాలో ఇదే రెండో రకం కనిపించింది. తెలంగాణ ప్రభుత్వం జూన్ 20 నుంచి వారం రోజుల్లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు సూది మందు వేయించింది. ఏ బిడ్డకూ కాలు పోలేదు, ఆ వార్తా మరుగున పడిపోయింది. గాజాలో మాత్రం శుద్ధి కేంద్రాలు ఆగిపోయి మురుగు గుడారాల మధ్య పారేది. 99 శాతం ఉన్న టీకా కవరేజీ 90 లోపుకు పడిపోయింది. దెయిర్ అల్ బలాలో పది నెలల బిడ్డకు కాలు చచ్చుబడింది పోలియో వల్లేనని 2024 ఆగస్టులో తేలింది. యుద్ధపు రోజుల్లో పెరిగిన ఆ బిడ్డకు ఒక్క టీకా కూడా పడలేదు. గాజాలో పాతికేళ్ల తర్వాత అదే మొదటి పోలియో కేసు.

సెప్టెంబర్ 1న చుక్కల కార్యక్రమం మొదలైంది. ముందు మధ్య గాజా, తర్వాత దక్షిణం, చివర ఉత్తరం. ఒక్కో ప్రాంతంలో ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 3 దాకా కాల్పులు ఆపడానికి ఇజ్రాయెల్, హమాస్ రెండూ ఒప్పుకున్నాయి. ఐస్ పెట్టెలు భుజాన వేసుకుని రెండు వేల మందికి పైగా ఆరోగ్య కార్యకర్తలు బయల్దేరారు. వాళ్లలో చాలామంది తామే గుడారాల్లో ఉంటున్నవాళ్లు. కూలిన ఇళ్ల మధ్య తల్లులు పిల్లలను వరస కట్టించారు. చుక్కలు పడ్డ పిల్లల వేలికి సిరా గుర్తు. పన్నెండు రోజుల్లో పదేళ్లలోపు పిల్లలు సుమారు 5,59,000 మందికి మందు పడింది. బాంబులు పడుతున్న ప్రాంతంలో రోజుకు తొమ్మిది గంటల సందులో చేసిన పని ఇది. అక్కడి జనానికి టీకా అంటే ఉన్న నమ్మకం, అక్కడి నర్సులకు ఉన్న అనుభవం యుద్ధంలో కూడా చెక్కుచెదరలేదు. రెండో విడతలో ఉత్తరాన కాల్పుల విరామం గాజా నగరానికే పరిమితం కావడంతో ఏడు నుంచి పది వేల మంది పిల్లలు మిగిలిపోయారు. మనుషులూ మందూ రెండు విడతల్లోనూ ఉన్నాయి. తేడా దారి దగ్గరే వచ్చింది. 2025 ఫిబ్రవరిలో, కాల్పుల విరమణ ఉన్న రోజుల్లో, మూడో విడత ఐదు రోజుల్లో 6 లక్షలు దాటింది.

2025 నవంబర్‌లో మామూలు టీకాలు తప్పిపోయిన సుమారు 44 వేల మంది చిన్నపిల్లల కోసం ఇంకో కార్యక్రమం మొదలైంది. దానికోసం తెప్పించిన 16 లక్షల సిరంజీలు, సోలార్ ఫ్రిజ్‌లు ఆగస్టు నుంచి గేటు బయటే ఆగి ఉన్నాయని యూనిసెఫ్ చెప్పింది. వీటినీ యుద్ధానికి పనికొచ్చే వస్తువుల కింద చూశారట. 2013లో జనరేటర్ పార్టుకు చెప్పిన కారణమే 2025లో పసిపిల్లల సిరంజీకీ చెప్పారు.

ఇక గాయపడిన పిల్లలు. అక్కడి డాక్టర్లు కేసు షీట్ల మీద ఒక కొత్త సంక్షిప్త పదం రాయడం మొదలుపెట్టారు: గాయపడిన బిడ్డ, కుటుంబంలో ఎవరూ మిగల్లేదు అని దాని అర్థం. 2024 ఫిబ్రవరి నాటికే తల్లిదండ్రులు లేకుండా మిగిలినవాళ్లు, వాళ్ల నుంచి విడిపోయినవాళ్లు కలిపి 17 వేల మంది పిల్లలుంటారని యూనిసెఫ్ అంచనా. సంతకం పెట్టే పెద్దమనిషి లేని బిడ్డకు ఆపరేషన్ ఎలా చేయాలి, డిశ్చార్జ్ చేసి ఎవరి చేతికివ్వాలి అన్నవి ఆ వార్డుల్లో రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. మనసుకు తగిలిన దెబ్బలకు 1990లో మానసిక వైద్యుడు ఇయాద్ అల్ సర్రాజ్ స్థాపించిన గాజా మానసిక ఆరోగ్య సంస్థ పెద్ద దిక్కుగా ఉండేది. 2023లో పదిహేనేళ్లున్న పిల్లవాడు అప్పటికే 2008, 2012, 2014, 2021 యుద్ధాలు చూసినవాడు. పక్క తడపడం, మాట ఆగిపోవడం, చీకటి పడితే వణికిపోవడం అక్కడి తల్లులకు కొత్తవి కావు.

కాళ్లూ చేతులూ పోయిన పిల్లలు వేలల్లో ఉన్నారు. పెద్దవాళ్లకు కృత్రిమ కాలు ఒకసారి అమరిస్తే కొన్నేళ్లు నడుస్తుంది. పిల్లలకు అలా కుదరదు. ఎముక పెరుగుతూనే ఉంటుంది, తెగిన చోట మొన తేలి చర్మాన్ని పొడుస్తుంది. మళ్లీ ఆపరేషన్, మళ్లీ కొలతలు, మళ్లీ కొత్త కాలు. ఆరేళ్ల బిడ్డకు పెద్దయ్యేలోపు ఇది ఎన్నోసార్లు చేయాలి. గాజా నగరంలో ఈ పని చేసే పాత కేంద్రం ఒకటుంది, పేరు కృత్రిమ అవయవాలు, పోలియో కేంద్రం. 1970ల పోలియో పిల్లల కాలం నుంచి ఉన్నది, అంతర్జాతీయ రెడ్ క్రాస్ సాయంతో నడుస్తోంది. అక్కడ మనుషులకు పని తెలుసు. ప్లాస్టిక్ షీట్లు, రెజిన్, కీళ్లు బయటి నుంచి రావాలి.

ఇవన్నీ లోపల చేయలేనప్పుడు మిగిలేది బయటికి తీసుకెళ్లడం. యుద్ధానికి ముందు రోజుకు 50 నుంచి 100 మంది రోగులు వైద్యం కోసం గాజా దాటేవారు. 2024 మే 7న రఫా గేటు మూతపడ్డాక అది ఒక్కో వారం పదుల సంఖ్యకు పడిపోయింది. మొత్తం యుద్ధకాలంలో బయటికి వెళ్లగలిగిన రోగులు ఏడెనిమిది వేలు, వాళ్లలో ఐదు వేలకు పైగా పిల్లలే. వెళ్లింది ఈజిప్ట్, ఎమిరేట్స్, ఖతార్, టర్కీ, జోర్డాన్, ఇటలీ. 2025 చివర్లో ఇంకా 15 వేల మందికి పైగా వరసలో ఉన్నారు, వాళ్లలో పిల్లలు సుమారు 4 వేలు. 2024 జూలై నుంచి 2025 నవంబర్ దాకా వరసలో ఉండగానే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ప్రతి బిడ్డకూ ఏదో ఒక దేశం ఒప్పుకోవాలి, విమానం కావాలి, వెంట వెళ్లే మనిషికి అనుమతి కావాలి, తిరిగి రావడం ఎప్పుడో తెలియదు.

జెరూసలెం మాత్రం ఇప్పటికీ 80 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఆగస్టా విక్టోరియాలో రేడియేషన్ యంత్రాలు, మకాసెద్‌లో గుండె వార్డు ఉన్నాయి. గాజా రోగుల భాష మాట్లాడే, ఏళ్లుగా వాళ్ల కేసులు చూసిన డాక్టర్లు అక్కడే ఉన్నారు. గాజా నుంచి వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలెం ఆసుపత్రులకు పాత వైద్య దారిని మళ్లీ తెరవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాల్పుల విరమణ తర్వాత కూడా పదేపదే అడుగుతూ వచ్చింది. కొత్త ఆసుపత్రి కట్టడానికి ఐదేళ్లు పట్టవచ్చు, కూలిన వాటిని నిలబెట్టడానికి అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. ఆ దారి తెరవడానికి కావాల్సింది ఒక నిర్ణయం, ఉదయం పూట కొన్ని అంబులెన్సులు, ప్రతి బిడ్డ వెంట తల్లికో తండ్రికో ఒక పర్మిట్.